గడిలో పట్టని వరద

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచెత్తాయి. ఆ నీళ్లూ కృష్ణ నుంచి వచ్చిన నీళ్లూ చేరి శ్రీశైలం జలాశయం పొంగింది. అక్కడ నిండు మట్టం 885 అడుగులు. ఆ రోజుల్లో నీళ్లు 896.50 అడుగుల దాకా ఎక్కాయి. ఒక దశలో లోపలికొచ్చే ప్రవాహం సుమారు 25 లక్షల 50 వేల క్యూసెక్కులు.

ఈ ప్రవాహాన్ని జీడబ్ల్యూ-బేసిక్‌ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన ఓ చిన్న ప్రోగ్రాముకిచ్చి, రోజువారీ పట్టికలో అచ్చు వేయమని అడుగుదాం. రాసినవాడు మామూలు రోజుల్ని మనసులో పెట్టుకుని రాశాడు. ప్రవాహం వేలల్లో ఉంటుంది, వానాకాలంలో రెండు మూడు లక్షలకు పోతుంది. అందుకని ప్రింట్ యూజింగ్ ఆదేశంలో "###,###" అని, అంకెకో # చొప్పున, గడి కట్టాడు. ఆ గడిలో 44,000 చక్కగా కూర్చుంటుంది, 3,00,000 కూడా పడుతుంది. అక్టోబరు 2 వరుస మాత్రం ఇలా వస్తుంది:

%2,550,000

ఆ వరుసలో మూడు విషయాలు తేడాగా ఉన్నాయి. ముందు ఎక్కడినుంచో శాతం గుర్తు వచ్చింది. కామాలు మన పద్ధతిలో పడలేదు, చదవబోయి ఆగి సున్నాలు లెక్కపెట్టుకోవాలి. పైగా ఈ ఒక్క అంకె తన చోటు దాటి పక్క గడిలోకి దూరి, దాని కుడివైపు ఉన్నవాటన్నిటినీ జరిపేసింది. లెక్కలో తప్పేమీ లేదు, ప్రోగ్రాము లోపల ఉన్నది సరైన సంఖ్యే. కాగితం మీదికి వచ్చేటప్పుడే తేడా వచ్చింది. బేసిక్ నేర్చుకునేవాళ్లు లూపుల మీద, షరతుల మీద పెట్టే శ్రద్ధ ఈ చివరి మెట్టు మీద పెట్టరు. చదివే మనిషికి అందేది ఆ కాగితమే కదా. ఏ గడి ఎంత వెడల్పుండాలో తేల్చడానికి కంప్యూటరు గురించి తెలిస్తే చాలదు, నది గురించి తెలియాలి.

బేసిక్ పుట్టింది అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలలో, 1964 మే 1న. జాన్ కెమెనీ, థామస్ కర్ట్జ్ అనే ఇద్దరు గణిత అధ్యాపకులు, కంప్యూటరు వృత్తి కాని విద్యార్థులు కూడా ప్రోగ్రాము రాసుకోగలగాలని దాన్ని తయారుచేశారు. ఫలితాలు టెలిటైపు కాగితం మీద వచ్చేవి. అచ్చు అమరిక గురించి విద్యార్థి బుర్ర బద్దలు కొట్టుకోనక్కర్లేకుండా ఒక ఏర్పాటు చేశారు. ప్రింట్ ఆదేశంలో రెండు విలువల మధ్య కామా పెడితే, రెండోది తర్వాతి జోను మొదట్లో పడుతుంది. డార్ట్‌మత్‌లో ఒక్కో జోను 15 అక్షరాలు, వరుసకు అయిదు జోన్లు. మైక్రోసాఫ్ట్ బేసిక్‌లలో జోను 14 అక్షరాలకు తగ్గింది. కామా బదులు సెమికోలన్ పెడితే జోన్ల గొడవ లేకుండా ఒకదాని పక్కన ఒకటి పడతాయి.

మన దేశంలో బడి పిల్లలు చాలామంది బేసిక్‌ను మొదట చూసింది 1984–85లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన క్లాస్ పథకం కింద వచ్చిన బీబీసీ మైక్రో యంత్రాల మీద. వాటి బేసిక్‌లో కామా పెడితే సంఖ్యలు గడిలో కుడివైపుకు సర్దుకుంటాయి. తర్వాత పీసీల మీద వచ్చిన జీడబ్ల్యూ-బేసిక్‌లో అలా కాదు, సంఖ్య ఎడమ అంచు నుంచే మొదలవుతుంది. పేర్లకు అది బాగుంటుంది. సంఖ్యల్ని మాత్రం చెడగొడుతుంది. కర్నూలు, కడప సీమలో నీళ్లు నిలిపే అయిదు చోట్ల పూర్తి నిల్వ సామర్థ్యాన్ని టీఎంసీల్లో అలా అచ్చు వేస్తే ఇలా ఉంటుంది:

215.81 శ్రీశైలం
26.85 గండికోట
17.74 బ్రహ్మంసాగర్
16.95 వెలుగోడు
1.2 సుంకేశుల

ఎడమ నిలువు వరుసలో పైనుంచి కిందికి చూడండి. శ్రీశైలం వందల స్థానం కింద గండికోట పదుల స్థానం వచ్చింది, దాని కింద సుంకేశుల ఒకట్ల స్థానం వచ్చింది. కింద గీత గీసి కూడబోతే చెయ్యి ఆడదు. ఒకటో తరగతిలో పలక మీద నేర్పే మొదటి క్రమశిక్షణ ఒకట్ల కింద ఒకట్లు, పదుల కింద పదులు వేయడం. అది కేవలం చూపు కోసం కాదు. స్థానాలు సరిగ్గా ఉన్న పట్టికలో, అంకెలు చదవకముందే ఏది పెద్దదో ఏది చిన్నదో దాని పొడవు చెప్పేస్తుంది. ఇంకో సంగతి కూడా గమనించాలి. సుంకేశుల సామర్థ్యం 1.20 అని ఇస్తే యంత్రం చివరి సున్నా తీసేసి 1.2 అని వేసింది. దానికి రెండూ ఒకటే. కొలిచినవాడికి ఒకటి కావు. రెండో దశాంశం దాకా కొలిచి సున్నా అని తేల్చడం వేరు, అక్కడిదాకా కొలవకపోవడం వేరు.

ప్రింట్ యూజింగ్ ఈ రెంటినీ సరిచేస్తుంది. "###.##" అని నమూనా ఇస్తే దశాంశ బిందువులు ఒకదాని కింద ఒకటి నిలుస్తాయి, చివరి సున్నా నిలుస్తుంది, ఖాళీ స్థానాలు ఎడమవైపుకు పోతాయి. ఆ ఖాళీలు కంటికి కనబడాలంటే మొదటి రెండు గుర్తుల స్థానంలో నక్షత్రాలు పెట్టి "**#.##" అని రాయండి:

215.81 శ్రీశైలం
*26.85 గండికోట
*17.74 బ్రహ్మంసాగర్
*16.95 వెలుగోడు
**1.20 సుంకేశుల

నక్షత్రాలతో నింపే ఈ వసతి చెక్కుల కోసం పెట్టింది, అంకెకు ముందు ఇంకో అంకె చేర్చడానికి చోటు లేకుండా. చేత్తో రాసేటప్పుడు మనం అంకె చివర "/-" పెట్టేది, అక్షరాలా ఇన్ని రూపాయలు మాత్రమే అని రాసేదీ ఇలాంటి భయంతోనే.

శాతం గుర్తు మాట

ఇప్పుడు వరద వరుసకు తిరిగి వద్దాం. గడిలో పట్టని సంఖ్య వచ్చినప్పుడు అచ్చు వేసే యంత్రం ఏం చేయాలి? చేత్తో అడంగల్ రాసే మనిషికి ఈ చిక్కు లేదు. గడి చాలకపోతే అంకెలు కుదించి రాస్తాడు, లేదా గీత దాటించి రాసి పక్కన చిన్న గుర్తు పెడతాడు. ప్రోగ్రాముకు ఆ వెసులుబాటు లేదు. ఒక్కో భాష ఒక్కో దారి పట్టింది. ఫోర్ట్రాన్ గడి నిండా నక్షత్రాలు పెట్టి సంఖ్యనే దాచేస్తుంది. బీబీసీ బేసిక్ ఏ గుర్తూ పెట్టకుండా సంఖ్యను పూర్తిగా వేసి, పక్కవాటిని జరుపుతుంది. జీడబ్ల్యూ-బేసిక్ సంఖ్యను పూర్తిగా వేస్తూనే ముందు శాతం గుర్తు పెట్టి, "ఇది నువ్వు చెప్పిన గడిలో పట్టలేదు" అని చెబుతుంది. ఈ మూడింటిలో నాకు నమ్మకమైనది జీడబ్ల్యూ-బేసిక్ పద్ధతే. పట్టిక అందం చెడుతుంది, నిజం చెడదు.

అసలు ప్రమాదం నాలుగో దారిలో ఉంది. అది భాష చేసేది కాదు, మనం చేసేది. ప్రింట్ యూజింగ్ లేని బేసిక్‌లలో సంఖ్యను కుడివైపుకు సర్దడానికి అందరికీ తెలిసిన ఉపాయం ఒకటుంది. ఎస్‌టీఆర్ డాలర్‌తో సంఖ్యను అక్షరాల వరుసగా మార్చి, దాని ముందు బోలెడు ఖాళీలు చేర్చి, రైట్ డాలర్‌తో కుడివైపు నుంచి కావలసినన్ని అక్షరాలు కత్తిరించుకుంటారు. ఆరు అక్షరాల గడి అయితే ఆరు. 44000 ఇస్తే ఒక ఖాళీ, అయిదు అంకెలు, ముచ్చటగా వస్తుంది. అదే ఉపాయానికి 2550000 ఇవ్వండి. కుడివైపు నుంచి ఆరు అక్షరాలు తీసుకుంటే మిగిలేది 550000. ఏడో అంకె, అంటే ఇరవై లక్షలు, కాగితం మీద లేకుండా పోయింది. ఏ గుర్తూ లేదు, గడి చెదరలేదు, వరుస అద్దంలా ఉంది. పైగా 5,50,000 క్యూసెక్కులు శ్రీశైలంలో ఏ మంచి వానాకాలంలోనైనా రాగల ప్రవాహం. చదివినవాడికి అనుమానం రావడానికి కారణమే లేదు. పట్టిక అందంగా ఉన్నకొద్దీ అబద్ధం బలపడుతుంది.

అందుకే కత్తిరించే ముందు లెన్ అనే ఫంక్షన్‌తో పొడవు చూసుకోవాలి. గడి కంటే పొడవుంటే కత్తిరించకుండా పూర్తిగా వేసి, పక్కన ఒక గుర్తు పెట్టాలి. ఒక్క షరతు, ఒక్క వరుస.

గడి వెడల్పు ఎంత అన్నదానికి కూడా ఇక్కడే జవాబుంది. మామూలు రోజుల లెక్కలు చూస్తే ఆరంకెలు చాలనిపిస్తుంది. ఆనకట్టను ఎంత వరదకు రూపొందించారో చూస్తే, శ్రీశైలానికి అది సుమారు 19 లక్షల క్యూసెక్కులు, అంటే ఏడంకెలు. 2009లో వచ్చింది 25.5 లక్షలు. ఇంజినీర్ల అంచనాను చాలా దాటిపోయింది, కానీ అదీ ఏడంకెలే. ఆనకట్ట రూపకల్పన అంకెను బట్టి గడి కట్టినవాడి పట్టిక ఆ రోజు చెక్కుచెదరదు. అందుకని గడి వెడల్పును చేతిలో ఉన్న డేటాను చూసి కాదు, రాగల డేటాను తలచుకుని నిర్ణయించాలి. కొండారెడ్డి బురుజు నిలబడిన కర్నూలు ఎంత ఎండుతుందో ఎంత మునుగుతుందో రెండూ తెలిసినవాడు ఆ గడి కట్టాలి.

మూడు, ఆపైన రెండేసి

కేసీ కాలువ తుంగభద్ర మీది సుంకేశుల దగ్గర మొదలై కడప దాకా సుమారు 306 కిలోమీటర్లు పారుతుంది. దాని కింది ఆయకట్టు దాదాపు 2,65,000 ఎకరాలు. ప్రింట్ యూజింగ్‌కు 265000 ఇచ్చి కామాలు పెట్టమంటే 265,000 అని వేస్తుంది. దానికి తెలిసిన పద్ధతి ఒక్కటే, ప్రతి మూడంకెలకూ ఒక కామా. నమూనాలో కామాను మీరు ఎక్కడ జరిపి పెట్టినా లాభం లేదు, అది చూసేది కామా ఉందా లేదా అనే. నంద్యాల మార్కెట్ యార్డులో ధాన్యం లెక్క చూసుకునే రైతుకు రెండు లక్షల అరవై అయిదు వేలు ఒక్క చూపులో అందాలంటే ఆ పని మనమే రాసుకోవాలి.

పద్ధతి కష్టం కాదు. ఎస్‌టీఆర్ డాలర్‌తో 2550000ను అక్షరాల వరుసగా మార్చండి. ముందు ఒక ఖాళీ వస్తుంది, అది రుణ గుర్తు కోసం ఉంచిన చోటు. మిడ్ డాలర్‌తో దాన్ని వదిలి రెండో అక్షరం నుంచి తీసుకోండి. రైట్ డాలర్‌తో చివరి మూడంకెలు, 000, విడిగా ఒక చోట దాచండి. లెఫ్ట్ డాలర్‌తో మిగిలిన 2550ను పట్టుకోండి. ఇప్పుడొక లూపు: మిగిలినదాని చివరి రెండంకెలు తీసి, మధ్యలో కామా పెట్టి, దాచినదాని ముందు చేర్చండి. మొదటిసారి 50,000 అవుతుంది, రెండోసారి 25,50,000 అవుతుంది. మిగిలినది ఖాళీ అయ్యేసరికి ఆగండి. మొదట్లోనే సంఖ్య మూడంకెలో అంతకంటే తక్కువో అయితే లూపులోకి పోకుండా చూడాలి, లేకపోతే 885 ముందు ఒంటరి కామా పడుతుంది. రుణ సంఖ్య అయితే గుర్తును ముందే తీసి దాచి, పని అయ్యాక తిరిగి ముందు అతికించాలి.

కోటి దాటితే మరో గండం ఉంది. జీడబ్ల్యూ-బేసిక్‌లో మామూలు చరరాశి ఏడంకెల వరకే అచ్చు వేస్తుంది. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. 215 టీఎంసీలను ఘనపుటడుగుల్లోకి మార్చి ప్రింట్ అంటే 2.15 పక్కన ఇంగ్లిష్ "ఈ" అక్షరం, +11 వస్తాయి, అంటే 2.15ను పది ఘాతం పదకొండుతో గుణించమని. మన కామాల లూపుకు ఆ వరుస దొరికితే అది "ఈ" అక్షరం చుట్టూ కూడా కామాలు పెడుతుంది. చరరాశి పేరు చివర # గుర్తు పెడితే దానికి పదహారంకెల దాకా చోటు దొరుకుతుంది. రూపాయల మొత్తాలకు ఈ # తప్పనిసరి. 1,23,45,678 రూపాయలు మామూలు చరరాశిలో అచ్చయితే చివరి అంకె గల్లంతవుతుంది.

సున్నాకూ ఖాళీకీ మధ్య

రాయలసీమ లెక్కల్లో వరద కంటే ఎక్కువసార్లు ఎదురయ్యేది సున్నా. పాత జిల్లాల లెక్కన ఏడాది సాధారణ వర్షపాతం కడపలో సుమారు 700 మిల్లీమీటర్లు, కర్నూలులో సుమారు 670, పక్కనున్న అనంతపురంలో 550. ఏడాదిలో ఎక్కువ రోజుల ఎదుట పడేది 0.0 అనే.

ఇక్కడ జీడబ్ల్యూ-బేసిక్ స్వభావం ఒకటి నిశ్శబ్దంగా హాని చేస్తుంది. విలువ ఇవ్వని చరరాశి అందులో సున్నా. 366 రోజులకు చోటు తీసి, అందులో ఇరవై రోజుల కొలత ఎక్కించకపోతే, ఆ ఇరవై రోజుల ఎదుటా 0.0 అచ్చవుతుంది. వాన పడలేదన్న మాట, కొలవలేదన్న మాట, రెండూ కాగితం మీద ఒకే రూపంలో ఉంటాయి. తడి నేలలో ఇదో చిన్న పొరపాటు కావచ్చు. వేరుశనగ విత్తాలా వద్దా అని వారం రోజుల తేమను లెక్కపెట్టే చోట, కరవు మండలాల జాబితాలో పేరు ఉండటానికీ లేకపోవడానికీ కొద్ది మిల్లీమీటర్లు చాలే చోట, ఇది చిన్నది కాదు.

మందు సులువే. మొదట 366 చోట్లలోనూ -1 నింపండి. వర్షపాతం ఎప్పటికీ రుణ సంఖ్య కాదు గనక అది గుర్తుగా పనికొస్తుంది. అచ్చు వేసే ముందు చూసి, -1 అయితే "--" అని వేయండి, మొత్తంలో కలపకండి. మొత్తం పక్కన "346 రోజుల కొలత" అని తప్పకుండా వేయండి. ఆ మాట లేని మొత్తాన్ని నేను మొత్తమని ఒప్పుకోను.

దశాంశం దగ్గర కూడా ఇలాంటి మెలిక ఉంది. వాతావరణ శాఖ లెక్కలో 2.5 మిల్లీమీటర్లు, ఆపైన పడితేనే అది వాన పడిన రోజు. నాలుగైదు కేంద్రాల సగటు తీశారనుకుందాం, 2.46 వచ్చింది. "##.#" నమూనా దాన్ని 2.5 అని వేస్తుంది. కానీ షరతు లోపలి 2.46ను చూసి, ఆ రోజును లెక్కలోంచి తీసేసింది. చదివేవాడు వేలు పెట్టి లెక్కిస్తే ఒక రోజు ఎక్కువ వస్తుంది. ముందు సంఖ్యను సవరించి, ఆ సవరించినదాన్నే అచ్చుకూ షరతుకూ వాడాలి.

కాగితం

తెర మీద పట్టిక సరిపోయాక ప్రింట్ బదులు ఎల్‌ప్రింట్ అని మార్చితే ప్రింటరుకు పోతుంది. అక్కడ కాగితానికి సొంత కొలతలు ఉంటాయి. ఎప్సన్ పద్ధతి పాటించే డాట్ మాట్రిక్స్ ప్రింటరు అంగుళానికి ఆరు వరుసలు వేస్తుంది. విదేశీ పుస్తకాల్లోని ప్రోగ్రాములు 11 అంగుళాల కాగితానికి, పుటకు 66 వరుసల లెక్కన రాసినవి. మన దగ్గర అంచుల్లో రంధ్రాలున్న మడత కాగితం 12 అంగుళాలది విరివిగా అమ్మేవారు, అంటే 72 వరుసలు. ఆ ప్రోగ్రామును ఉన్నదున్నట్టు నడిపితే ప్రతి పుటకూ శీర్షిక ఆరు వరుసలు పైకి పాకుతుంది, కొన్ని పుటలయ్యేసరికి మడత మీదే పడుతుంది. ప్రింటరుకు 27, 67, 72 అనే మూడు సంకేతాలు పంపితే పుట పొడవు 72 వరుసలని దానికి తెలుస్తుంది. ఆపైన 12 సంకేతం పంపినప్పుడల్లా కొత్త పుట మొదటి వరుసకు సరిగ్గా చేరుతుంది.

అడ్డంగా చోటు చాలకపోతే 15 సంకేతం అక్షరాల్ని సన్నం చేస్తుంది. 80 అక్షరాల వరుసలో 132 పైగా పడతాయి. అయినా వరుస 80 దగ్గరే తెగి కిందికి పడుతుంటే తప్పు ప్రింటరుది కాదు. జీడబ్ల్యూ-బేసిక్ ప్రింటరు వెడల్పు 80 అనుకుని తనే తెంపుతోంది. విడ్త్ ఆదేశంతో 132 అని చెప్పాలి.

ఊరి పేరు తెలుగులో

ఇప్పటిదాకా అన్ని పట్టికల్లోనూ పేరును చివరి గడిలో పెట్టాను. దానికి కారణం ఉంది. బేసిక్ అమరిక మొత్తం ఒక్క నమ్మకం మీద నిలబడింది, ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు, ఒకే సంకేతం అని. తెలుగులో అది చెల్లదు. "కడప"లో అక్షరాలు మూడు, "శ్రీశైలం"లోనూ మూడే. యూనికోడ్ సంకేతాలు లెక్కిస్తే కడపకు మూడు, శ్రీశైలానికి ఎనిమిది. బైట్లలో చూసే లెన్‌కు అవి 9, 24. ఆ తేడాను నమ్మి ఖాళీలు చేరిస్తే కడప పక్కనున్న అంకె పదిహేను ఖాళీల దూరం పోతుంది.

పేరు చివర ఉంటే దాని కుడివైపు చెడడానికి ఏమీ లేదు. పేరే ముందుండాలనుకుంటే ఖాళీలతో సర్దడం మానేసి, ప్రింటరు తలనే ఫలానా చోటుకు పొమ్మనాలి. ఎప్సన్ పద్ధతిలో 27, 36, ఆ తర్వాత రెండు సంఖ్యలు. కొలత అంగుళంలో అరవయ్యో వంతు. రెండంగుళాల దగ్గరికి 120, 0. అయిదంగుళాలకు 300 కావాలి, 255 దాటింది గనక 256 తీసేసి 44, 1 అని పంపాలి. అప్పుడు పేరు ఎంత పొడవున్నా అంకె అక్కడే మొదలవుతుంది.

1980లలో ఐఐటీ కాన్పూర్‌లో మొదలై సీడాక్ చేతుల్లో ఎదిగిన జిస్ట్ కార్డు ఉన్న పీసీల్లో తెలుగు అక్షరాలు సిద్ధంగా ఉండేవి. కార్డు లేకపోయినా దారి మూయలేదు. ప్రింటరుకు 27, 75, వాటి వెంట ఎన్ని గీతలో చెప్పే రెండు సంఖ్యలు పంపితే, ఆపైన వచ్చే అన్ని సంఖ్యల్లో ఒక్కోదాన్నీ ఎనిమిది చుక్కల నిలువు గీతగా వేస్తుంది. ఇంగ్లిష్ అక్షరానికి ఎనిమిది చుక్కల ఎత్తు చాలు. శ్రీకి చాలదు. పైన గుడి దీర్ఘం, మధ్యలో శ, కింద రవత్తు, ఈ మూడింటికీ మూడు పట్టీలు కావాలి. 27, 65, 8 పంపితే వరుసల మధ్య దూరం సరిగ్గా ఎనిమిది చుక్కలకు తగ్గి, పట్టీల మధ్య తెల్ల గీత లేకుండా అతుక్కుంటాయి. తల ఒకే వరుస మీదుగా మూడుసార్లు నడుస్తుంది, 215.81 రెండో నడకలో పడాలి. ప్రతి పట్టీ మొదట్లోనూ పైన చెప్పిన చోటు సంకేతాలు మళ్లీ పంపాలి, లేకపోతే వత్తు వేరే అక్షరం కిందికి పోతుంది.

జీడబ్ల్యూ-బేసిక్ మూల రచనను మైక్రోసాఫ్ట్ 2020లో అందరికీ విడుదల చేసింది. ఆ భాషను ఇప్పటి కంప్యూటర్ల మీద నడిపే పీసీ-బేసిక్ ఉచితంగా దొరుకుతుంది. ఇందులో చెప్పిన సంఖ్యలన్నీ దానికి ఇచ్చి చూడవచ్చు. మొదట 25,50,000తో మొదలుపెట్టండి.